యుద్ధరంగమునుండి వచ్చిన జాబులు

యుద్ధచరిత్రలలో సేనానుల పేర్లును, జయాపజయములును కనబడును. క్షతగాత్రుని ప్రక్కన రాత్రియంతయు మేల్కొనియుండు వైద్యుని వేదన వానిలో కానరాదు. దానిని అతడు ఇంటికి వ్రాసిన జాబులలో వెదకవలెను.

గుంటూరు, ఒంగోలు సీమలలో ప్రత్తిచేల నడుమనున్న పల్లెలలో వెనుకటి దినములందు జాబు వచ్చిన, చదువురాని తల్లి దానిని టపాజవానుచేతనే చదివించుకొనెడిది. అది ఆమెకు కాగితము కాదు. దూరముననున్న బిడ్డ కంఠస్వరము. జాబుకై ఎదురుచూచు తల్లి ఏ సీమలోనైన నొక్కతీరుననే యుండును. అట్టి తల్లి యొకతె వంగదేశమున నుండెను.

ఆమె కుమారుడు డాక్టరు కళ్యాణకుమార ముఖర్జీ. అతడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, సైన్యముతోకూడ మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, పోయెను. అచ్చటినుండి తల్లికి జాబులు వ్రాయుచుండెను. అవి బస్రా రేవు చేరి, ఓడనెక్కి హిందూదేశమునకు రావలెను. సైన్యపు కదలికలను తెలుపు మాటలు శత్రువుల చేతబడకుండ, యుద్ధరంగపు జాబులను అధికారులు పరీక్షించుట ఆనాటి ఆచారము.

1915 నవంబరులో టెసిఫాన్ కడ ఘోరయుద్ధము జరిగెను. వేలకొలది సైనికులు గాయపడిరి. వారిని కుదుపుడు బండ్లలో టైగ్రిస్ నదీతీరమునకు చేర్చి, క్రిక్కిరిసిన పడవలలో దిగువకు పంపిరి. వైద్యసౌకర్యముల ఈ కొరతను 1917లో ప్రభుత్వ విచారణ సంఘమే ఖండించెను. యుద్ధబాధలను కన్నులార చూచిన కళ్యాణకుమారుడు, పరుల నేలను ఆక్రమించుటకు దేశభక్తియను పేరు పెట్టి ఇంత రక్తము చిందించుట తగునాయని జాబులో ప్రశ్నించెను. తానును ఆ సైన్యమున ఉద్యోగియై యుండి అట్లు వ్రాయుట సామాన్యమైన ధైర్యము కాదు.

పిమ్మట సైన్యము కూట్ పట్టణమున చిక్కుకొనెను. తురుష్కుల ముట్టడి డిసెంబరు 7న ప్రారంభమయ్యెను, టపామార్గము మూసుకొనిపోయెను. ఆకలికి తాళలేక 1916 ఏప్రిల్ 29న సుమారు 13,000 మంది లొంగిపోయిరి. రోగులతోపాటు వైద్యుడును బందీయయ్యెను. 1917లో, నేటి సిరియాలోని రాస్ అల్ అయిన్‌లో, అతడు చెరయందే కన్నుమూసెను.

అతని అవ్వ మోక్షదాదేవి ఎనుబదియేండ్ల వయస్సున, 1928లో, ఆ జాబులను చేర్చి ‘కళ్యాణప్రదీప్’ అను గ్రంథమును ప్రకటించెను. మనుమడు తిరిగి రాలేదు. అతని మాట నిలిచినది. ఇంటిపెట్టెలలోని పాత జాబులు చెత్త కాగితములు కావనియు, అవియును చరిత్రయేయనియు ఆ వృద్ధురాలి శ్రమ మనకు బోధించుచున్నది.