గెట్టు రాయి ఎక్కడుంది?

ఇందల్వాయి పక్క పల్లెల్లో నలుగురు కూలీలు కూచున్నారంటే, కూలి రేట్ల తర్వాత వచ్చే రెండో ముచ్చట గెట్టు పంచాయితీ. "కాగితం మీద ఎకరం ఉన్నది, కాళ్ళ కింద ముప్పై రెండు గుంటలే ఉన్నది" అంటారు. మిగిలిన ఎనిమిది గుంటలు ఏమైనట్టు? భూమి ఆవిరైపోదు కదా! పక్క ఆసామి ఏటా ఒక్కొక్క సాలు జరుపుకుంటూ వచ్చాడు. ట్రాక్టరు వచ్చాక సాళ్ళు కాదు, బారలే జరుగుతున్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన భూమి గజాల లెక్కన అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో గుంట అంటే 121 గజాలు. అందుకే ముందుగా మాయమయ్యేది రాయి.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా నాయిన పక్షవాతంతో మంచాన పడ్డ యేడే బోరు ఎండింది. అప్పు పుట్టలేదు. మనిషి లేవలేడని తెలిసి పొరుగు ఆసామి మా చెల్క మూలరాయిని పెకలించి వాగులో పారేశాడు. కొలిపిద్దామంటే చేతిలో పైసా లేదు. దరఖాస్తు పెట్టి నెలల తరబడి తిరిగాం. అప్పుడే, కొలువు దిగిపోయిన ఒక చైన్‌మన్ కాకా దగ్గర గొలుసు పట్టడం నేర్చుకున్నాను. పగలంతా కూలి. పొద్దుగూకే ముందు గంటసేపు గొలుసు. మధ్యలో ఇంటికి ఉరికి నాయినకు అంబలి తాగించి వచ్చేవాణ్ణి. కాకా పైసలు అడగలేదు. "నీ చెల్క కొలుచుకొని ఊకోకు కొడుకా, అడిగినోళ్ళకు కొలిచిపెట్టు" అన్నాడు. అంతే.

ఈ విద్యలో మాయ ఏమీ లేదు. మన పాత సర్వేలో గొలుసు పొడవు 33 అడుగులు. దాన్ని 16 అణాలుగా భాగించారు. నాలుగు పక్కలా ఒక్కో గొలుసు ఉన్న చదరం ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. టిప్పన్ అంటే ఆ సర్వే నంబరు కొలతల చిత్తు పటం. పొలం నడుమ ఒక మూల గీత, దాని మీది నుంచి ఒక్కొక్క మూలకు అడ్డంగా ఎంత దూరమో అందులో అంకెలు వేసి ఉంటాయి. నిజాం కాలపు కాగితమైతే ఉర్దూలో ఉంటుంది, చదివే పెద్దమనిషిని వెతుక్కోవాలి. నకలు కోసం జిల్లా సర్వే, భూరికార్డుల ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఇయ్యకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

రాయి పోయినా టిప్పన్ ఉంటే దాని చోటు పోదు. చుట్టుపక్కల నంబర్లలో కదలని రాళ్ళు పట్టుకొని, వాటి మధ్య దూరం పటంతో సరిపోతే అక్కడి నుంచి కొలుచుకుంటూ రావాలి. అడ్డగీత నిలువుగా పడటానికి క్రాస్‌స్టాఫ్ లేకపోతే తాడే చాలు: 3, 4, 5 మూరల ముక్కోణం కడితే మూల మట్టంగా వస్తుంది. నేను మొదటిసారి తప్పు చేశాను. నేను పట్టుకున్న రాయే అంతకుముందు ఎవరో జరిపిన రాయి! అర గొలుసు తేడా వచ్చింది. రెండు రాళ్ళతో తృప్తి పడొద్దు, మూడోది కలిపి చూడాలి.

గుట్టల మీద బండకు చెక్కిన గుండ్రటి గీత, నడుమ చుక్క కనబడితే అది మన గెట్టు కాదు, గుప్తనిధి గుర్తు అసలే కాదు. దేశాన్ని ముక్కోణాలుగా కొలిచిన పెద్ద సర్వే అలాంటి గుర్తులు పెట్టింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన ఆ పని 1815లో బీదర్ దాకా వచ్చింది. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతకు దిగిన ఎవరెస్టు జ్వరంతో పడిపోయాడు. ఒళ్ళు బాగుచేసుకోవడానికి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. తర్వాత శిఖరానికి ఆయన పేరు పెట్టారు. యంత్రాలు మోసి అదే జ్వరంతో పడినవాళ్ళ పేర్లు ఏ పటం మీదా లేవు.

ఒక మాట మాత్రం దాచకూడదు. మనం కొలిచిన కొలత కోర్టులో చెల్లదు. పక్కవాళ్ళకు నోటీసులిచ్చి, ప్రభుత్వ సర్వేయర్ వచ్చి కొలిచి, పంచనామా రాస్తేనే చెల్లుతుంది. కానీ మన కొలత ముందే మన దగ్గరుంటే, గొలుసు ఎక్కడ వంకరపోతోందో నిలబడి అడగవచ్చు. 2020లో వచ్చిన ధరణిలో విస్తీర్ణం ఎక్కింది గానీ గెట్లు ఎక్కలేదు. 2025 భూ భారతి చట్టం సర్వే పటం మాట ఎత్తింది, లైసెన్సు సర్వేయర్లకు తర్ఫీదు ఇచ్చారు. మంచిదే. మరి వాళ్ళ ఫీజు ఎవరు కట్టాలి? 1977 చట్టం అమ్మకుండా కాపాడుతున్న అసైన్డు భూముల పేదలకైనా ఉచితంగా కొలవాలని అడగడం న్యాయం కాదా?

మా రాయి వాగులోనే దొరికింది. సర్కారు సర్వేయర్ వచ్చి పంచనామా రాసేనాటికి నాయిన లేడు. ఎనిమిది గుంటల్లో ఆరు తిరిగి వచ్చాయి. మిగతా రెండు గుంటల మీద పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది.