మీకు తెలుసా? మీసాల నాగమ్మ ఎవరో!

సినీనటుడు ఎన్టీ రామారావు కాలేజీ రోజుల్లో రంగస్థలం మీద వేసింది ఆడవేషం! విజయవాడ ఎస్‌.ఆర్‌.ఆర్‌. కాలేజీలో చదివేటప్పుడు, అక్కడ తెలుగు చెప్పే విశ్వనాథ సత్యనారాయణ ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో ఆయనకు నాగమ్మ పాత్ర ఇచ్చారు. చీర కట్టడానికి కుర్రాడు సరే అన్నాడు గానీ, మీసం మాత్రం తీయనంటే తీయనన్నాడు. గురువుగారు కవిసామ్రాట్టయితేనేం! చివరికి మీసంతోనే స్టేజీ ఎక్కాడు. ‘మీసాల నాగమ్మ’ అని కాలేజీ అంతా పేరు పెట్టేసింది. 1963లో ‘నర్తనశాల’ సినిమాలో బృహన్నలగా కనిపించేసరికి ఆ పంతం లేదు, ఆ మీసమూ లేదు.

నిజానికి అప్పటి నాటకాల్లో ఆడవేషమంటే నవ్వులాట కాదు. సత్యభామ వేషంతో జేజేలు అందుకున్న స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది.

ఆడవేషాలతో ఊరంతా కలిసి చేసుకునే సందడి చూడాలంటే ఆదోని దగ్గరి సంతెకుడ్లూరుకి వెళ్లాలి. హోలీకి అక్కడి మగవాళ్లు చీర, నగలు, పూలతో ముస్తాబై రతీమన్మథులకు మొక్కులు తీర్చుకుంటారు. తిరుపతి గంగమ్మ జాతరలోనూ అంతే: సగం మొక్కు, సగం సరదా!