సర్కారే కౌలుదారు.. ఆదివాసీలే యజమానులు! కకాడు పార్కు కథేంటో తెలుసా?

నేషనల్ పార్కు అనగానే చాలాచోట్ల ఒకటే సీన్. ప్రభుత్వం హద్దులు గీస్తుంది, గేటు పెడుతుంది. తరతరాలుగా అక్కడే బతుకుతున్న ఆదివాసీలను మాత్రం బయటకు పొమ్మంటుంది. ఆస్ట్రేలియాలోని కకాడు నేషనల్ పార్కులో లెక్క రివర్స్! అక్కడ భూమి ఆదివాసీలది. వాళ్ల దగ్గర లీజుకు తీసుకుని పార్కు నడుపుతున్నది ప్రభుత్వం. మరి ఈ ఒప్పందం ఎలా కుదిరింది? యురేనియం కంపెనీ వచ్చినప్పుడు ఏం జరిగింది? ఆ వివరాలు ఇవీ.

ఎక్కడుంది ఈ కకాడు?

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, డార్విన్ నగరానికి తూర్పున ఉంది. విస్తీర్ణం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దదే. 1986లో వచ్చిన 'క్రొకొడైల్ డండీ' సినిమాలో కనిపించే అడవులు, మడుగుల్లో చాలావరకు ఇక్కడివే. వానాకాలంలో నదులు పొంగి మైదానాలన్నీ నీట మునుగుతాయి. ఎండలు ముదిరితే మడుగులే మిగులుతాయి. పక్షులు, ఉప్పునీటి మొసళ్లు ఆ మడుగుల దగ్గరకే చేరతాయి. ఇక్కడ దాదాపు 280 రకాల పక్షులున్నాయి. ఆస్ట్రేలియా పక్షి జాతుల్లో ఇది ఇంచుమించు మూడో వంతు. మన కొల్లేరు లాగే కకాడు కూడా అంతర్జాతీయ చిత్తడి నేలల 'రామ్‌సర్' జాబితాలో ఉంది. యునెస్కో వారసత్వ హోదా 1981లోనే వచ్చింది.

భూమి ఎవరిది?

ఉత్తరాన బినింజ్, దక్షిణాన ముంగుయ్ అని పిలుచుకునే ఆదివాసీలే ఇక్కడి అసలు వారసులు. ఈ ప్రాంతంలోని ఓ రాతి గుహలో దొరికిన పనిముట్లు సుమారు 65 వేల ఏళ్ల నాటివని పరిశోధకులు 2017లో ప్రకటించారు. ఇంత చరిత్ర ఉన్నా చట్టపరంగా హక్కు దక్కింది మాత్రం 1976లో వచ్చిన భూహక్కుల చట్టంతోనే. ఆ తర్వాత ఆదివాసీలు తమ భూమిని ప్రభుత్వానికి లీజుకిచ్చారు. 1979లో పార్కు ఏర్పాటైంది. ప్రభుత్వం ఏటా అద్దె కట్టాలి, పార్కు ఆదాయంలో వాటా ఇవ్వాలి. పార్కు బోర్డులో 15 మంది ఉంటే అందులో 10 మంది ఆదివాసీ ప్రతినిధులే. వేట, చేపలు పట్టుకునే హక్కు కూడా వాళ్లకుంది. మిగతా భూమి కోసం పోరాటం దశాబ్దాల పాటు సాగింది. చివరికి 2022 మార్చిలో పార్కులో దాదాపు సగం భూమిని తిరిగి వాళ్లకు అప్పగించారు.

యురేనియం గొడవేంటి?

అసలు చిక్కు ఇక్కడే! కకాడు నేల కింద యురేనియం ఉంది. 1976 చట్టం గనులకు నో చెప్పే హక్కును ఆదివాసీలకు ఇచ్చింది. కానీ 'రేంజర్' గని విషయంలో మాత్రం మినహాయింపు పెట్టారు. అక్కడి యజమానులైన మిరార్ తెగ వద్దన్నా గని తవ్వేశారు. చుట్టూ పార్కే ఉన్నా, కాగితాల మీద మాత్రం గని పార్కు బయట ఉన్నట్టు లెక్క.

ఆ తర్వాత సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని జబిలుకా మీద కన్నుపడింది. ఈసారి మిరార్ జనం గట్టిగా నిలబడ్డారు. 1998లో ఎనిమిది నెలల పాటు దిగ్బంధం సాగింది. వాళ్లకు మద్దతుగా వేల మంది తరలివచ్చారు. వందల అరెస్టులు జరిగాయి. తెగ పెద్ద ఇవాన్ మార్గరులాను తన సొంత నేల మీదే అక్రమ ప్రవేశం కింద అరెస్టు చేశారు! అయినా వెనక్కి తగ్గలేదు. మిరార్ ఒప్పుకోకుండా తవ్వకూడదని 2005లో ఒప్పందం కుదిరింది. 2024 జులైలో గని లీజును పొడిగించేది లేదని ప్రభుత్వం ప్రకటించింది. జబిలుకాను పార్కులో కలుపుతామని కూడా చెప్పింది. రేంజర్‌లో ఉత్పత్తి 2021 జనవరిలోనే ఆగిపోయింది. ఇప్పుడు ఆ నేలను బాగు చేయడమే పెద్ద పని.

నిప్పుతో చిత్తడి నేలకు వైద్యం

యాజమాన్యం ఉంటే చాలదు, నేలను చూసుకోవడం కూడా తెలియాలి. మనకు ఆరు ఋతువులున్నట్టే బినింజ్ వాళ్లకూ ఆరు కాలాలు ఉన్నాయి. ఏ కాలంలో ఎక్కడ గడ్డి తగలబెట్టాలి, ఎప్పుడు వేటకు వెళ్లాలి అన్నది ఆ లెక్క ప్రకారమే. 19వ శతాబ్దంలో బయటి నుంచి తెచ్చిన గేదెలు అడవిలో విపరీతంగా పెరిగి మైదానాలను తొక్కేశాయి. అవి నడిచిన కాలవల గుండా సముద్రపు ఉప్పునీరు మంచినీటి మడుగుల్లోకి వచ్చింది. 1980ల్లో గేదెలను భారీగా తగ్గించారు. అయితే మేసేవి లేక గడ్డి దట్టంగా పెరిగి నీళ్లను కప్పేసింది. అప్పుడు పనికొచ్చింది ఆదివాసీల పాత పద్ధతే. సమయం చూసి నిప్పు పెడితే గడ్డి పలచబడింది, నీళ్లు తేలాయి, పక్షులు మళ్లీ వచ్చాయి.

అంతా సాఫీగా ఉందా?

లేదు. బోర్డులో మెజారిటీ ఉన్నా ప్రతిసారీ మాట నెగ్గుతుందన్న గ్యారంటీ లేదు. 2019లో గున్లోమ్ జలపాతం దగ్గర జావొయిన్ తెగకు చెందిన పవిత్ర స్థలం పక్కనే పార్కు యంత్రాంగం నడకదారి వేసింది. తెగ పెద్దలు మండిపడ్డారు, వ్యవహారం కోర్టుకెక్కింది. పవిత్ర స్థలాల రక్షణ చట్టం పార్కు డైరెక్టర్‌కూ వర్తిస్తుందని ఆస్ట్రేలియా హైకోర్టు 2024లో తేల్చేసింది. ఆ దేశంలో అదే అత్యున్నత న్యాయస్థానం.

ఇక ముందున్న ముప్పు సముద్రం. కకాడు మైదానాలు సముద్ర మట్టానికి కాస్త ఎత్తులోనే ఉన్నాయి. నీటిమట్టం పెరిగితే ఉప్పునీరు మళ్లీ లోపలికి వస్తుంది. మంచినీటి మడుగులు పోతే తామరలు, బాతులు, వాటి మీద ఆధారపడ్డ తిండి అన్నీ దెబ్బతింటాయి. గనిని ఆపడానికి యజమానుల 'నో' సరిపోయింది కానీ, సముద్రాన్ని ఆపడం ఒక్క తెగ చేతిలోనో, ఒక్క పార్కు బోర్డు చేతిలోనో లేదు.