డిసెంబరులో పుడితే అల్లరెక్కువా?

ఒకే తరగతిలో ఇద్దరు పిల్లలున్నారనుకుందాం. ఒకడు జనవరి 2న పుట్టాడు, రెండోవాడు అదే సంవత్సరం డిసెంబరు 30న. ఇద్దరికీ ఒకటే పాఠం, ఒకటే పరీక్ష. కాని మొదటివాడు దాదాపు ఏడాది పెద్ద! మీ వయసులో ఏడాది తేడా పెద్ద లెక్కలోకి రాదు. ఆరేళ్ల పిల్లవాడికో? వాడు బతికిన కాలంలో అది ఆరోవంతు.

కెనడా దేశంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఒక క్యాలెండరు సంవత్సరంలో పుట్టిన పిల్లలందరినీ ఒకే తరగతిలో చేరుస్తారు. అక్కడ 6 నుంచి 12 ఏళ్ల వయసున్న 9,37,943 మంది పిల్లల వైద్య రికార్డులను పరిశోధకులు తిరగేశారు. ఎ.డి.హెచ్.డి. అనే సమస్య ఎవరెవరికి ఉందని డాక్టర్లు రాశారో చూశారు. మనసు ఒకచోట నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ముందూ వెనకా చూడకుండా పనులు చేసేయడం దాని లక్షణాలు. 2012లో వెలువడిన ఫలితం చూడండి. జనవరిలో పుట్టిన మగపిల్లలకంటే డిసెంబరులో పుట్టినవాళ్లకు ఆ సమస్య ఉందని తేల్చడం 30 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. (నూటికి 70 మందికి జబ్బుందని కాదు సుమా! జనవరి పిల్లల్లో 10 మందికి ఉంటే డిసెంబరు పిల్లల్లో 17 మందికి ఉందన్నమాట.) మందులు వాడటంలోనూ ఇలాంటి తేడాయే కనిపించింది.

పుట్టిన నెల మెదడును పాడుచేస్తుందా? లేదు. మలేరియాకైతే రక్తపు చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. దీనికి అలాంటి పరీక్ష లేదు. అమ్మానాన్నలూ, టీచర్లూ చెప్పేదే డాక్టరుకు ఆధారం. టీచరు ఎవరితో పోల్చి చెబుతారు? పక్క బెంచీ పిల్లలతోనే! ఏడేళ్లవాళ్ల మధ్య కూర్చున్న ఆరేళ్లవాడు కుదురులేనివాడిగా కనిపించడంలో వింతేముంది?

అయితే ఈ జబ్బే అబద్ధమా? అలా అనుకుంటే మరో పొరపాటు. అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు తన ఆసుపత్రిలోని పిల్లలకు తలనొప్పి తగ్గుతుందేమోనని బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. అది నరాలను ఉత్తేజపరిచే మందు. తలనొప్పి సంగతి ఎలా ఉన్నా, పిల్లలు చదువులో పుంజుకున్నారు! 1937లో ఆయన ప్రకటించిన ప్రయోగంలో 30 మందిలో 14 మందికి చదువు బాగా మెరుగుపడింది. పిల్లలు వాటికి 'లెక్కల మాత్రలు' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఈనాడు ఎక్కువగా ఇచ్చేది మిథైల్ ఫెనిడేట్. అది మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పనిని పెంచుతుంది. నిజంగా అవసరమైన పిల్లవాడికి ఎంతో మేలు చేస్తుంది. కాని ఆకలి మందగించవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. వయసు చిన్నదైనందుకు మాత్రలు మింగించడం ఎంత అన్యాయమో ఆలోచించండి!

అందుకే జాగ్రత్తగల డాక్టరు తొందరపడడు. లక్షణాలు ఆరు నెలలైనా ఉన్నాయా, బళ్లోనే కాక ఇంట్లోనూ ఉన్నాయా, పన్నెండేళ్లలోపే మొదలయ్యాయా అని ఆరా తీస్తాడు. చెవులు సరిగా వినిపిస్తున్నాయా, రాత్రి నిద్ర చాలుతోందా అని చూస్తాడు. చిన్నపిల్లలైతే ముందు అమ్మానాన్నలకు, టీచర్లకు కొన్ని మెలకువలు నేర్పుతారు: పనిని చిన్న ముక్కలుగా చేసి చెప్పడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం లాంటివి. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయికి కూడా ఈ సమస్య ఉండవచ్చు. ఆమెను ఎవరూ పట్టించుకోరు, అదే చిక్కు.

మీ బడిలో చిన్న తరగతుల పిల్లల పుట్టిన నెలలు లెక్కవేసి చూడాలనుందా? రిజిస్టరును మాత్రం పూర్తిగా నమ్మకండి. వెనకటి రోజుల్లో బళ్లో చేర్చుకునేటప్పుడు మాస్టారే ఏదో ఒక తేదీ వేసేసేవారు. మీ తాతగారి ఈడువాళ్లలో జులై ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమందో అడిగి చూడండి!