బయోగ్యాసు మడ్డి - ఎరువుల లెక్క

వనస్థలిపురం రైతుబజారునకు చుట్టుపట్ల గ్రామములనుండి కూరగాయలు వచ్చుచుండును. వాటితోపాటు పొలములలోని నత్రజని, భాస్వరము, పొటాషుకూడ పట్టణము చేరుచున్నవి. కుళ్ళిన కాయలు, ఆకులు చెత్తకుప్ప పాలైనచో ఆ సారము తిరిగి పొలమునకు పోదు. ఆ చెత్తనుగాని, పేడనుగాని గ్యాసుగా మార్చి, మిగిలిన మడ్డిని పైరుకు వేసినచో రసాయనిక ఎరువులు కొనవలసిన పని లేదా?

గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు వ్యర్థపదార్థములోని కర్బనమును మిథేనుగాను, బొగ్గుపులుసు గాలిగాను మార్చును. నత్రజని, భాస్వరము, పొటాషు దాదాపు పూర్తిగా మడ్డిలోనే నిలిచిపోవును. నత్రజనిలో కొంత అమ్మోనియా రూపము పొందుటచే పైరుకు త్వరగా అందును. అయితే తొట్టి కొత్తగా సారమును సృష్టింపదు. వేసినదానినే తిరిగి ఇచ్చును. పిడకలుగా కాల్చుచున్న పేడను తొట్టిలో వేసినచో లాభము అధికము. ఇదివరకే ఎరువుగా వేయుచున్న పేడ అయినచో అసలు లాభము గ్యాసే.

ఇక ధర సంగతి. 2024లో 45 కిలోల యూరియా బస్తా రైతుకు సుమారు 266 రూపాయలకు లభించెను. అందులో నత్రజని 46 శాతము. అనగా కిలో నత్రజని 13 రూపాయలు. 1,350 రూపాయల డి.ఎ.పి. బస్తాలో నత్రజని విలువ తీసివేయగా భాస్వరము కిలో 54 రూపాయలు పడును. పొటాషును 50 రూపాయలుగా లెక్కకు తీసికొందము.

పేడ మడ్డిలో 93 పాళ్ళు నీరే. ఒక టన్నులో నత్రజని సుమారు 1 కిలో, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి 700 గ్రాములు ఉండును. మొత్తము విలువ 85 రూపాయలు! ఒక బస్తా యూరియాలోని నత్రజనికి 20 టన్నుల మడ్డి కావలెను. 3 టన్నుల మడ్డిని వనస్థలిపురమునుండి సుమారు 20 కిలోమీటర్ల దూరములోని ఇబ్రహీంపట్నమునకు ట్రాక్టరుపై తోలినచో డీజిలు ఖర్చే దాని విలువను మించును.

ఎండబెట్టినచో బరువు తగ్గును. టన్ను ఎండుమడ్డి సుమారు 1,100 రూపాయల విలువ చేయును. కాని ఎండలో అమ్మోనియా ఎగిరిపోవును. కూరలు దించి ఖాళీగా మరలు బండ్లపై ఎండుమడ్డిని పంపుట ఒక ఉపాయము. ఇట్టి ఎరువులకు టన్నుకు 1,500 రూపాయల చొప్పున సహాయము చేయుటకు కేంద్రప్రభుత్వము 2023 జూన్‌లో నిర్ణయించినది. ఆ మొత్తము ఎండుమడ్డిలోని పోషకముల ధరకన్న ఎక్కువ! యూరియా ఖర్చులో పెద్దభాగమును ప్రభుత్వమే భరించుచున్నందున, రైతు చెల్లించు ధరతో మాత్రమే మడ్డిని తూచుట న్యాయము కాదు. ఎర్రనేలలకు అది ఇచ్చు సేంద్రియ కర్బనము యూరియా బస్తాలో లేదు.

పెరటిలోనే తొట్టి ఉన్న రైతుకు ఈ రవాణా చిక్కు లేదు. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు పోసినచో ఏడాదికి 36 టన్నుల మడ్డి వచ్చును. విలువ సుమారు 3,000 రూపాయలు. దానిని సాయంత్రము కాలువ నీటితో పారించి వెంటనే మట్టిలో కలిపినచో నష్టము తక్కువ.

కావున మడ్డి రసాయనిక ఎరువులను పూర్తిగా తొలగింపజాలదు, కొంత తగ్గింపగలదు. తొట్టి కట్టించువారు ముందుగా గ్యాసు ఆదాయమును, తరువాత పొలము దూరమును లెక్క వేసికొనవలెను.