చాక్లెట్ మెరుపు వేడిలోనే ఉంది

క్రిస్మస్‌కు ఇంట్లో జీడిపప్పు చాక్లెట్లు చేసేవారు ఖరీదైన సరుకు కోసం వెతుకుతారు గానీ, అసలు పనంతా వేడిని అదుపులో పెట్టడంలోనే ఉంది. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఐదో రకమే మెరుస్తుంది, పటుక్కున విరుగుతుంది, నోట్లో కరుగుతుంది. అందుకే డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలకు కరిగించి, 28కి చల్లార్చి, మళ్లీ 31కి తెచ్చాకే పప్పులు ముంచాలి. ఈ లెక్క తప్పితే కొద్ది రోజుల్లో పైన తెల్లటి పొర తేలుతుంది. అది బూజు కాదు, తినొచ్చు. కానీ వచ్చినవాళ్లలో ఎంతమందికని చెబుతాం?

పలాస జీడిపప్పైనా సరే, దోరగా వేయించి పూర్తిగా చల్లారనివ్వాలి. గిన్నెలో నీటిచుక్క పడితే కరిగిన చాక్లెట్ కాస్తా గరుకు ముద్దవుతుంది. ఇంత తంటా ఎందుకు, కాంపౌండ్ చాక్లెట్ చాలదా అంటారు. నిజమే, అందులో కోకో వెన్నకు బదులు పామాయిల్ లాంటి కొవ్వులుంటాయి కనుక ఈ మెలికలేవీ అక్కర్లేదు, మన ఎండలకూ కాస్త తట్టుకుంటుంది. అయితే ఆ కొవ్వే నాలుక మీద మైనంలా అంటుకుంటుంది. వేసవి పెళ్లిళ్లకు సరే. డిసెంబరు చలిలో ఆ సాకు చెల్లదు.