కుడి ఫెండర్‌లో దాగిన ఆయిల్ కూలర్

1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పోర్షే కంపెనీ ఒక కొత్త కారును ప్రదర్శనకు పెట్టింది. దానికి రేడియేటర్ లేదు. వెనుక ఇరుసుకు ఆవల అమర్చిన ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఒక పెద్ద ఫ్యాన్ గాలి కొడుతుంది, అంతే. అప్పటికి దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్ల మీద హక్కు తమదని ప్యూజో అభ్యంతరం చెప్పడంతో అది 911గా మారింది. గాలితో చల్లబడే స్పోర్ట్స్ కారుగా ప్రపంచమంతా దాన్ని గుర్తుపెట్టుకుంది. కానీ ఆ కారు నడిపేవాడి ఎదురుగా ఉన్న మీటర్లు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నీటి వేడి చూపే ముల్లు అక్కడ లేదు, ఆయిల్ వేడి చూపే ముల్లు ఉంది. ఆ ఇంజన్ ప్రాణం ఆయిల్ చేతిలో ఉండేది.

స్పోర్ట్స్ కారును రోజూ ఆఫీసుకు వేసుకెళ్లేవాళ్లు ఆయిల్ కూలర్ కొనాలా, కొంటే ఎలాంటిది కొనాలి అని అడిగినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ 911 చరిత్రే. ఆయిల్‌ను ఎలా చల్లబరచాలో మాత్రమే కాదు, ఎప్పుడు చల్లబరచకూడదో కూడా ఆ కారు ముప్పై ఏళ్లకు పైగా నేర్చుకుంటూ వచ్చింది.

ఇంజన్‌లో కాలే పెట్రోలులో మూడో వంతు శక్తి కూడా చక్రాలదాకా చేరదు. మిగిలిందంతా వేడే. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గొట్టం లోంచీ, సిలిండర్ల చుట్టూ తిరిగే నీటి ద్వారానో గాలి ద్వారానో బయటికి పోతుంది. కానీ పిస్టన్ అడుగు భాగానికీ, క్రాంక్ షాఫ్ట్ బేరింగులకూ, టర్బో ఉంటే దాని ఇరుసుకూ నీరు చేరదు. అక్కడికి వెళ్లగలిగేది ఆయిలే. రాపిడి తగ్గించడంతో పాటు ఆ వేడిని మోసుకురావడమూ దాని పనే. మాజ్డా ఆర్ఎక్స్-7 లాంటి రోటరీ ఇంజన్లలో రోటర్‌ను లోపలి నుంచి చల్లబరిచేది కూడా ఆయిలే. అందుకే ఆ కార్లకు ఆయిల్ కూలర్ మొదటి నుంచీ తప్పనిసరి.

911లో ఆయిల్ ఇంజన్ కింద పాన్‌లో నిలవ ఉండదు. ఒక పంపు దాన్ని తోడి విడిగా ఉన్న ట్యాంకులో పోస్తుంది, ఇంకో పంపు అక్కడి నుంచి మళ్లీ ఇంజన్‌లోకి నెడుతుంది. మామూలు కారులో నాలుగైదు లీటర్లు పట్టే చోట ఇక్కడ తొమ్మిది లీటర్ల దాకా పట్టేది. తర్వాతి మోడళ్లలో అది ఇంకా పెరిగింది. ఫ్యాన్ గాలి తగిలే చోట ఇంజన్‌కే బిగించిన చిన్న కూలర్ ఒకటి ఉండేది. రెండు లీటర్ల ఇంజన్, 130 హార్స్‌పవర్. ఆ శక్తికి ఆ కూలర్ సరిపోయింది.

శక్తి పెరిగేకొద్దీ చిక్కు మొదలైంది. 1969 మోడల్ 911ఎస్‌కు మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి 170 హార్స్‌పవర్ రాబట్టారు. ఇంజన్ వెనుక ఉంది, చల్లటి గాలి కారు ముందు తగులుతుంది. ఇంజనీర్లు రెండో కూలర్‌ను ముందువైపు కుడి ఫెండర్ లోపల, చక్రం పక్కన దాచారు. ఇంజన్ నుంచి ఆయిల్ గొట్టాలు కుడి తలుపు కింది అంచు వెంబడి కారు పొడవునా ముందుకు వెళ్లి వెనక్కి వస్తాయి. అంత దూరం ప్రయాణించే ఆ గొట్టాలు కూడా దారిలో కొంత వేడిని వదిలేస్తాయి. ఆ తరం కార్లను పునరుద్ధరించే మెకానిక్‌లకు ఆ గొట్టాల జాయింట్లంటే హడల్. దశాబ్దాల తుప్పుతో అవి బిగుసుకుపోయి ఉంటాయి, స్పానర్ వేస్తే నట్టు తిరిగే బదులు గొట్టమే మెలిపడుతుంది.

ఈ అమరికలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ కూలర్ కాదు, దానికి ముందున్న థర్మోస్టాట్. ఆయిల్ 85 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేదాకా అది ముందు కూలర్‌కు దారి ఇవ్వదు. చల్లటి ఉదయం బండి తీస్తే ఆయిల్ ఇంజన్‌కూ ట్యాంకుకూ మధ్యే తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. అప్పుడే ముందువైపు దారి తెరుచుకుంటుంది.

వేడి చేటని అందరికీ తెలుసు. చల్లదనం కూడా చేటేనని కూలర్లు కొనేవాళ్లలో చాలామంది ఆలోచించరు. మామూలు 5డబ్ల్యూ-40 ఆయిల్‌కు 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనం 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. ఇంజన్ బేరింగుల సందులు ఆ పలచని ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని కొలిచి చేసినవి. ఆయిల్ ఎప్పుడూ 60, 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతే పంపు మీద భారం పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అంతకన్నా పెద్ద కీడు ఇంకొకటుంది. పెట్రోలు కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లోకి దిగుతుంది, కాలని పెట్రోలు బొట్లూ దిగుతాయి. ఆయిల్ రోజూ కాసేపైనా 90, 100 డిగ్రీలు చూస్తేనే ఆ తడి ఆవిరై బయటికి పోతుంది. లేకపోతే ఆమ్లాలు చేరతాయి, ఆయిల్ మూత కింద లేత గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. అయిదారు కిలోమీటర్ల దూరానికే రోజూ బండి తీసేవాళ్లకు ఇది బాగా అనుభవం.

ఈ పాఠం కార్లకన్నా ముందు విమానాలు నేర్చుకున్నాయి. తొలి స్పిట్‌ఫైర్లకు ఎడమ రెక్క కింద ఆయిల్ కూలర్ ఉండేది. ఎత్తున ఎగిరే విమానాల ఇంజనీర్లను వేధించిన సమస్య ఒకటుంది. గడ్డకట్టే చలిలో కూలర్ సన్న గొట్టాల్లోని ఆయిల్ చలికాలంలో డబ్బాలోని నెయ్యిలా పేరుకుపోతుంది. దారి మూసుకుపోయి ఇంజన్ నుంచి వచ్చే వేడి ఆయిల్ చల్లబడకుండానే తిరిగి ఇంజన్‌కు చేరుతుంది. బయట ఎముకలు కొరికే చలి, లోపల మరిగిపోతున్న ఇంజన్. అందుకే కూలర్‌ను దాటవేసే బైపాస్ వాల్వు విమానాల్లో తప్పనిసరి భాగమైంది.

911 కథలో 1972 మోడల్ గురించి చెప్పకుండా ఉండలేను. బరువు కాస్త ముందుకు జరపాలని ఆ ఏడాది ఆయిల్ ట్యాంకును కుడి వెనుక చక్రానికి ముందుకు తెచ్చారు, ఆయిల్ పోయడానికి కారు బయటే ఒక చిన్న మూత పెట్టారు. పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు అది పెట్రోలు మూత అనుకుని అందులో పెట్రోలు పోశారు! మరుసటి ఏడాదే ట్యాంకు పాత చోటికి వెళ్లిపోయింది. 1973 నాటి ఆర్ఎస్ఆర్ రేసు కారుకైతే ముందు బంపర్ మధ్యలో పెద్ద కిటికీ కోసి దాని వెనుక కూలర్ నిలబెట్టారు. రేసులో ఆ కారు ఆగదు, గాలికి కొదవ లేదు.

రోడ్డు మీద నడిచే 911 సంగతి వేరు. 70ల్లో కుడి ఫెండర్‌లో పెట్టిన కూలర్ నిజానికి మెలికలు తిప్పిన గొట్టమే. ఆకారాన్ని బట్టి దానికి ట్రాంబోన్ అని వాద్యం పేరు పెట్టారు. కారు వేగంగా పోతుంటే దాని పని అది చేసేది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే ఆ మూలకు గాలే రాదు. ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. అందుకే తర్వాత సన్న రేకుల కూలర్లు వచ్చాయి, 80ల చివరికి ఫెండర్‌లోనే వేడిని బట్టి తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్ చేరింది. రేసు ట్రాక్ నేర్పని పాఠాన్ని నగరం ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నేర్పింది. 1998లో చివరి ఎయిర్-కూల్డ్ 911 తయారైంది. తర్వాతి 996 తరంలో నీరు వచ్చింది, ఆయిల్‌ను ఆ నీటితోనే చల్లబరిచే చిన్న పెట్టెను ఇంజన్ మీదే బిగించారు.

ఇక ఈనాటి కారుకు వద్దాం. కూలర్ కొనేముందు కొనాల్సింది ఆయిల్ టెంపరేచర్ మీటరు. నీటి ముల్లు మధ్యలో ఉందంటే ఆయిల్ కూడా బాగుందని అర్థం కాదు. నీరు 90 దగ్గరే నిలకడగా ఉన్నా ఆయిల్ 130 దాటి ఉండొచ్చు. ఊరి ట్రాఫిక్‌లో, హైవే మీద, ఘాట్ రోడ్డెక్కేటప్పుడు, మే నెల మధ్యాహ్నం ముల్లు ఎక్కడుందో కొన్ని వారాలు గమనించండి. 90 నుంచి 110 మధ్యే తిరుగుతుంటే ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి. 120 దాకా వెళ్లి దిగుతుంటే మంచి సింథటిక్ ఆయిల్ తట్టుకుంటుంది. 130 దాటి అక్కడే కూర్చుంటే మాత్రం కూలర్ కావాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైగా పాన్‌లో 130 ఉంటే బేరింగు సందులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 2009లో వచ్చిన నిస్సాన్ 370జెడ్‌లో ఇదే జరిగింది. ట్రాక్ మీద నాలుగు చుట్లు గట్టిగా నడిపితే ఆయిల్ 140 డిగ్రీలకు చేరువయ్యేది, ఇంజన్‌ను కాపాడడానికి కంప్యూటర్ ఆర్‌పీఎంను తగ్గించేసేది. ఆ తర్వాత కొన్ని వెర్షన్లకు కంపెనీయే కూలర్ ఇచ్చింది.

రోజూ నడిపే కారుకైతే నా ఓటు ముందు నీటితో పనిచేసే కూలర్‌కే. ఆయిల్ ఫిల్టర్ దగ్గర బిగించే చిన్న పెట్టె అది. ఒక పొరలో ఆయిల్, పక్క పొరలో రేడియేటర్ నీరు. ఉదయం ఆయిల్ కన్నా ముందే వేడెక్కే నీరు ఆయిల్‌ను వెచ్చబరుస్తుంది, తర్వాత దాన్నే చల్లబరుస్తుంది. పొడవైన గొట్టాలు లేవు, రాళ్ల దెబ్బలు లేవు. ఒకటే షరతు, ఆ అదనపు వేడిని మోసే సత్తా రేడియేటర్‌కు ఉండాలి.

అది చాలని కారుకు ముందు బంపర్ వెనుక గాలితో చల్లబడే కూలర్ పెట్టాలి. అలా పెడితే థర్మోస్టాట్ ఉన్న శాండ్‌విచ్ ప్లేటే తీసుకోండి. ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఇమిడే ఆ ప్లేటు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కూలర్ దారి దాదాపు మూసి, కొద్దిపాటి ఆయిల్‌ను మాత్రం వెళ్లనిస్తుంది. అందువల్ల థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మంచులాంటి ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి దూకదు. థర్మోస్టాట్ లేని ప్లేటు చవకగా దొరుకుతుంది. రేసు కారుకు చాలు, మీ కారుకు వద్దు. సైజు విషయంలోనూ ఆశ పడొద్దు. పలకల కూలర్లను వరుసల లెక్కన అమ్ముతారు. రోడ్డు కారుకు 13 నుంచి 19 వరుసలు సాధారణంగా చాలు. 25 వరుసలు ట్రాక్ రోజులు ఎక్కువగా ఉన్నవాళ్లకు. సన్న రబ్బరు గొట్టాలు పెడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. సుమారు 14 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం ఉండాలి, బాడీ అంచుకు ఎక్కడా రాసుకోకూడదు. రాసుకుని ఒక్క చోట చిల్లు పడితే నిమిషంలోపే ఆయిల్ అంతా రోడ్డు మీద ఉంటుంది.

గాలి లోపలికి రావడం ఎంత ముఖ్యమో బయటికి పోవడం అంతే ముఖ్యం. బంపర్ కన్నం నుంచి కూలర్‌దాకా రేకు తొడుగు, వెనుక గాలి పోయే దారి రెండూ లేకపోతే గాలి కూలర్‌ను తప్పించుకుని పక్కనుంచి పోతుంది. హైదరాబాదులో, విజయవాడలో రోజూ తిరిగే కారుకు చిన్న ఫ్యాన్ కూడా జోడించడం మంచిది. బజాజ్ పల్సర్ 220, రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బైకులు చూసినవాళ్లకు ఇంజన్ ముందు వేలాడే చిన్న జాలీ లాంటి ఆయిల్ కూలర్ కొత్త కాదు. వాటి కూలర్ నేరుగా గాలికి ఎదురుగా ఉంది, కారులో దానికా భాగ్యం మనమే కల్పించాలి.

కూలర్, గొట్టాలు కొంత ఆయిల్‌ను మింగుతాయి. బిగించాక ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడెక్కించి, ఆపి కాసేపాగి డిప్‌స్టిక్ చూడాలి, తక్కువైనంత పోయాలి. ఇక పాత కారు నుంచి తీసిన కూలర్ చవకగా వస్తోందని ఎవరైనా చెబితే, ఆ కారు ఇంజన్‌కు ఏమైందో అడగండి. బేరింగు పోయిన ఇంజన్ నుంచి వచ్చే లోహపు రజను ఆ సన్న పొరల్లో చేరి కూర్చుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త ఇంజన్‌కు బిగించాక కొంచెం కొంచెంగా బయటికొచ్చి దాని బేరింగులనూ తినేస్తుంది. అలాంటి కూలర్‌ను తుక్కులో వేయాలి.